తలుపు చుట్టూ సందెంత?

ఏప్రిల్‌లో బిగించిన అల్మార తలుపు ఆగస్టులో పట్టేస్తుంది. వానల్లో రందా పట్టి సరిచేసిన సొరుగు మళ్లీ ఎండాకాలం వచ్చేసరికి పైన సందు చూపిస్తుంది. ఇంటాయన వడ్రంగిని తప్పుపడతాడు, వడ్రంగి చెక్కను తప్పుపడతాడు, చెక్క అమ్మిన డిపో ఆయన వానను తప్పుపడతాడు. ముగ్గురి మాటలోనూ కొంత నిజముంది. చెక్క ఎటువైపు ఎంత కదులుతుందో పని మొదలుపెట్టే ముందే లెక్కగట్టుకుంటే ఈ తగవు సగం తీరిపోతుంది.

చట్రాన్ని ముందు నుంచి కప్పేలా బిగించే తలుపును ఓవర్‌లే అంటారు. చట్రం లోపల ఒదిగి, దాని ముఖంతో సమానంగా నిలిచేది ఇన్‌సెట్. సొరుగులకూ అంతే. ఓవర్‌లేలో తలుపు అంచు చట్రం మీదికి వచ్చి కూర్చుంటుంది కాబట్టి రెండు మిల్లీమీటర్ల తేడా ఎవరి కంటా పడదు. ఇన్‌సెట్‌లో ఆ దాపరికం ఉండదు. నాలుగు వైపులా సన్నటి గీతలా సందు కనబడుతూనే ఉంటుంది. ఆ గీత ఒక కొసన ఒక మిల్లీమీటరు, ఇంకో కొసన రెండు మిల్లీమీటర్లు ఉంటే గది అవతల నుంచే తెలిసిపోతుంది. చేతితో చేసే ఫర్నిచర్‌లో పనితనం బయటపడే చోటు ఇదే.

ఇన్‌సెట్ పని మనకు కొత్తేమీ కాదు. తెలంగాణ పాత ఇళ్లలో మందపాటి గోడలోనే గూడు వదిలి, దానికి చెక్క చట్రం కట్టి, ఆ చట్రంలో ఒదిగేలా రెండు రెక్కల తలుపులు బిగించిన గోడ అల్మారలు ఇప్పటికీ కనిపిస్తాయి. కోమటి దుకాణాల గల్లాపెట్టెల్లో మూత ఎత్తగానే చిల్లరకు, చిట్టీలకు చిన్న చిన్న సొరుగులు, అరలు ఒకదాని పక్కన ఒకటి ఒదిగి ఉండేవి. టేకు పూజా మందిరాల్లో కుంకుమ భరిణె, వత్తులు, అగరొత్తులు దాచే సొరుగూ అలాంటిదే. ఇక హైదరాబాద్ పురానీ హవేలీలో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ బట్టల బీరువా ఉంది. భవనంలో ఒక రెక్క పొడవునా రెండు అంతస్తుల్లో సాగే బర్మా టేకు తలుపుల వరుస అది. పై అంతస్తుకు వెళ్లడానికి చేత్తో తిప్పే చెక్క లిఫ్టు కూడా దానికుంది. చెక్క పనిని ప్రేమించేవారు నిజాం మ్యూజియానికి వెళితే మిగతా వస్తువుల కంటే ముందు ఈ తలుపుల దగ్గర నిలబడాలి.

ఇలాంటి పనిని వాతావరణం ఎలా పరీక్షిస్తుందో చూడటానికి గౌడవెల్లిని ఉదాహరణగా తీసుకుందాం. సికింద్రాబాద్ నుంచి నిజామాబాద్ వైపు వెళ్లే రైలు మార్గంలో మేడ్చల్‌కు ముందు వచ్చే స్టేషను ఇది. 2023 ఏప్రిల్‌లో ఎంఎంటీఎస్ రైళ్లు మేడ్చల్ దాకా వచ్చాయి. ఔటర్ రింగు రోడ్డు, 44వ నంబరు జాతీయ రహదారి దగ్గరలోనే ఉన్నాయి. ఇళ్లు లేస్తున్నాయి, ఇళ్లతోపాటు చెక్క పనీ పెరుగుతోంది. సముద్రానికి దూరంగా, దక్కను పీఠభూమి మీద ఉన్న ఈ ప్రాంతంలో గాలి తేమ ఏడాది పొడవునా ఒకేలా ఉండదు. ఏప్రిల్ మధ్యాహ్నాల్లో 30 శాతం దరిదాపులకు పడిపోతుంది. ఆగస్టు ఉదయాల్లో 80 దాటుతుంది. కాకినాడలోనో విశాఖలోనో గాలి ఎప్పుడూ తేమగా ఉంటుంది కాబట్టి చెక్క ఒకసారి ఉబ్బి, దాదాపు అలాగే ఉండిపోతుంది. గౌడవెల్లిలో అది ఏటా ఉబ్బి, ఏటా తగ్గుతుంది. ఇన్‌సెట్ పనికి కష్టమైన వాతావరణం ఇదే.

చెక్క గాలిలోని తేమను పీల్చుకుంటుంది, వదులుతుంది. గాలి తేమ సగటున 40 శాతం దరిదాపుల్లో ఉండే వేసవిలో ఇంట్లోని చెక్క 7, 8 శాతం తేమ దగ్గర స్థిరపడాలని చూస్తుంది. వానాకాలంలో అది 14 శాతం దాకా ఎక్కుతుంది. భారత ప్రమాణాల సంస్థ ఐఎస్ 287లో దేశాన్ని గాలి తేమను బట్టి నాలుగు మండలాలుగా విడగొట్టి, ఏ మండలంలో ఏ పనికి చెక్క ఎంత ఎండి ఉండాలో నిర్దేశించింది. ఈ ప్రమాణం గురించి ఇంటివారూ వినరు, చాలామంది కాంట్రాక్టర్లూ వినరు. వినాల్సిన విషయం.

టేకు మీద మనవాళ్లకున్న నమ్మకానికి అంకెల ఆధారం ఉంది. పచ్చి స్థితి నుంచి పూర్తిగా ఎండే దాకా టేకు వార్షిక వలయాల వెంట 5.8 శాతం, వలయాలకు అడ్డంగా 2.5 శాతం కుంచించుకుపోతుందని అమెరికా అటవీ సేవా విభాగం ప్రచురించిన వుడ్ హ్యాండ్‌బుక్ చెబుతుంది. అదే ఎర్ర ఓక్‌కు 8.6, 4.0. అమెరికన్ బీచ్‌కు 11.9, 5.5. అంటే బీచ్‌తో పోలిస్తే టేకు సగమే కదులుతుంది. అయినా కదులుతుంది. తేమ ఒక్క శాతం మారితే ప్రతి 100 మిల్లీమీటర్ల వెడల్పుకు వలయాల వెంట కోసిన టేకు పలక సుమారు 0.19 మిల్లీమీటర్లు, వలయాలకు అడ్డంగా కోసిన పలక 0.10 మిల్లీమీటర్లు పెరుగుతుంది లేదా తగ్గుతుంది. పొడవు వైపు మాత్రం కదలిక లేదనే అనుకోవచ్చు.

ఈ చివరి వాక్యంలోనే ఇన్‌సెట్ పని కిటుకంతా ఉంది. తలుపు ఎత్తు చెక్క పొడవు వైపు ఉంటుంది కాబట్టి పైనా కిందా సందు కాలంతో పెద్దగా మారదు. మారేది పక్కల సందు. సొరుగు ముఖంలో చెక్క పొడవు అడ్డంగా ఉంటుంది, అందుకే అక్కడ పక్కల సందు నిలకడగా ఉండి పై సందు మారుతుంది. వాటిని పట్టి ఉంచే చట్రంలో నిలువు చెక్కలు నిలువుగా, అడ్డ చెక్కలు అడ్డంగా ఉంటాయి కనుక ఖాళీ కొలత దాదాపు స్థిరం. ఈ తేడా తెలియనివారు నాలుగు వైపులా ఒకే సందు వదులుతారు. ఆ సందు తలుపుకు పైన అనవసరంగా ఎక్కువ, సొరుగుకు పైన ప్రమాదకరంగా తక్కువ అవుతుంది.

లెక్క చేసి చూద్దాం. 450 మిల్లీమీటర్ల వెడల్పు తలుపును పలకలు అతికించి ఒకే ముక్కగా చేశారనుకోండి. ఏప్రిల్‌లో 8 శాతం ఉన్న తేమ ఆగస్టులో 14కు చేరితే ఆ తలుపు ఐదు మిల్లీమీటర్లు పెరుగుతుంది. ఏ ఇన్‌సెట్ సందూ దానికి సరిపోదు. అదే తలుపును 65 మిల్లీమీటర్ల నిలువు పట్టీలు, అడ్డ పట్టీలతో చట్రంగా కట్టి, మధ్య పలకను గాడిలో జిగురు లేకుండా వదిలితే కదిలేది రెండు నిలువు పట్టీల వెడల్పు మాత్రమే. అంటే ఒకటిన్నర మిల్లీమీటరు లోపే. ఆ పట్టీలను వలయాలకు అడ్డంగా కోసిన చెక్కతో చేస్తే 0.8 మిల్లీమీటర్లు. పాత తలుపుల్లో చాలావరకు కుసి, బెజ్జం వేసి చట్రంగా కట్టినవే. పలక గాడిలో స్వేచ్ఛగా ఉండడం పాత మేస్త్రీల లోతైన తెలివి. ఆ గాడిలో ఫెవికాల్ పోస్తే పలక బిగుసుకుపోయి, ఎండాకాలంలో నిలువునా చీలుతుంది.

రెండు రెక్కల తలుపుల్లో ఇంకో చిక్కుంది. రెండు రెక్కల కదలికా మధ్యలో కలిసే చోటే చేరుతుంది. పాత అల్మారల్లో ఒక రెక్క అంచుకు గుండ్రటి పట్టీ కొట్టడం, లేదా రెండు అంచులనూ సగం సగం చెక్కి ఒకదాని మీద ఒకటి కూర్చోబెట్టడం ఇందుకే. అలంకారంలా కనబడే ఆ పట్టీ సందును దాచే పని చేస్తుంది.

సందు ఎంత ఉండాలనే ప్రశ్నకు ప్రపంచంలో ఒకటే జవాబు లేదు. ఇంగ్లండ్‌లో ఎడ్వర్డ్ బార్న్‌స్లీ 1923లో ఫ్రాక్స్‌ఫీల్డ్‌లో చేపట్టిన వర్క్‌షాపు వంటి చోట్ల సొరుగును గాలి కూడా చొరబడనంత బిగువుగా అమర్చడం గొప్ప. అలాంటి బీరువాలో ఒక సొరుగు మూస్తే లోపలి గాలి ఒత్తిడికి పక్క సొరుగు బయటికి వస్తుంది. సైబీరియాలో పుట్టి, స్వీడన్‌లో పని నేర్చుకుని, 1981 నుంచి కాలిఫోర్నియాలోని ఫోర్ట్ బ్రాగ్‌లో శిక్షణ ఇచ్చిన జేమ్స్ క్రెనోవ్ తన చిన్న క్యాబినెట్ల తలుపులను చేతి రందాతో ఒక్కో పొర తీస్తూ కూర్చోబెట్టేవాడు. సందు నాలుగు వైపులా ఒకే నీడలా కనబడాలన్నది ఆ పద్ధతి. ఈ రెండూ చూడముచ్చటైన పనులే. కానీ వాటిని యథాతథంగా తెచ్చి మేడ్చల్ దగ్గర బిగిస్తే జులైలో సొరుగు తెరుచుకోదు.

మూడో జవాబు మనకు దగ్గరిది, హైదరాబాద్‌తో ముడిపడినది. పుదుచ్చేరిలోని శ్రీ అరవిందాశ్రమంలో 1937లో కట్టడం మొదలైన వసతి భవనం పేరు గోల్కొండ. నిజాం ప్రభుత్వంలో ప్రధానిగా పనిచేసిన సర్ అక్బర్ హైదరీ అందించిన విరాళానికి గుర్తుగా ఆ పేరు వచ్చింది. దాన్ని రూపొందించిన ఆంటొనిన్ రేమండ్ తరఫున పని దగ్గరుండి చూసినవారిలో జార్జ్ నకషిమా ఒకడు. తర్వాతి కాలంలో అమెరికాలో చెక్క ఫర్నిచర్‌కు పెద్ద పేరైన నకషిమా ఇక్కడే టేకుతో ఫర్నిచర్ కూడా చేశాడు. గోల్కొండ గదుల తలుపులు టేకు పట్టీలతో చేసినవి. పట్టీల మధ్య ఖాళీల్లోంచి గాలి వస్తుంది, తలుపు పక్కకు జరుగుతుంది. సముద్రపు తేమలో చెక్క ఉబ్బినా ఇబ్బంది లేదు, ఎందుకంటే ఖాళీ ఆ రూపంలోనే భాగం. సందును దాచాలనుకోకుండా దాన్ని రూపకల్పనలోకే తెచ్చుకోవడం ఇక్కడి వాతావరణానికి తగిన ఆలోచన. గౌడవెల్లి అల్మారకు గోల్కొండ తలుపు నకలు అక్కర్లేదు, ఆ ధైర్యం చాలు.

తలుపు బిగించే పనికి ఒక క్రమం ఉంది. ముందు డబ్బా కర్ణాలు కొలవాలి. రెండు కర్ణాలూ సమానంగా లేకపోతే ఎంత మంచి తలుపైనా వంకరగా కనబడుతుంది. తలుపును ఖాళీ కంటే ఒక నూలు పెద్దగా చేసుకుని, రందాతో తగ్గించుకుంటూ రావాలి. మొదట బందుల వైపు అంచు చట్రానికి సరిగ్గా ఆనేలా, తర్వాత కింది అంచు, ఆ తర్వాత పై అంచు, చివర మూసుకునే అంచు. సందు కొలవడానికి సన్‌మైకా ముక్క చాలు. సాధారణంగా దాని మందం ఒక మిల్లీమీటరు. అది ఒక్కో వైపూ ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకే బిగువుతో జరిగితే ఆ వైపు సందు సమంగా వచ్చినట్టే.

మూసుకునే అంచును లోపలి వైపుకు కాస్త వాలుగా తీయాలని పెద్ద మేస్త్రీలు చెబుతారు. దాని వెనుక చిన్న జ్యామితి ఉంది. తలుపు తిరిగేటప్పుడు లోపలి మూల గీసే వలయం తలుపు వెడల్పు కంటే కాస్త పెద్దది. 450 మిల్లీమీటర్ల వెడల్పు, 20 మిల్లీమీటర్ల మందం ఉన్న తలుపుకు ఆ అదనం 0.44 మిల్లీమీటర్లే. 150 మిల్లీమీటర్ల చిన్న తలుపుకు మాత్రం 1.33 మిల్లీమీటర్లు. చిన్న తలుపులే ఎక్కువగా గీసుకుంటాయి. పూజా మందిరం కింది అర తలుపు పెద్ద బీరువా తలుపు కంటే ఎక్కువ విసిగించడానికి కారణం ఇదే.

బందుల పనిలో తొందర పనికిరాదు. ఇత్తడి కబ్జా కూర్చునే గుంటను పెన్సిలుతో కాకుండా కత్తి మొనతో గీసుకుని ఉలితో తీయాలి. గుంట మరీ లోతైతే తలుపు పూర్తిగా మూసుకోకముందే బందు దగ్గర బిగుసుకుని వెనక్కి తంతుంది. అప్పుడు కబ్జా కింద దళసరి కాగితం ముక్క పెట్టి లేపాలి. ఇత్తడి మర మెత్తనిది, గట్టి చేవ చెక్కలో సగంలోనే తల తెగిపోతుంది. ముందు అదే కొలత ఇనుప మరతో దారి చేసి, తర్వాత ఇత్తడిది తిప్పడం పాత పద్ధతి. పది నిమిషాలు ఎక్కువ పడుతుంది, కానీ తలుపు పాడవదు.

సొరుగు తలుపు కంటే కష్టం, అందుకే ఎక్కువ ఇష్టమైన పని. తలుపు ఒక్క తలంలో తిరుగుతుంది, సొరుగు ఐదు ముఖాలతో ఒక గూట్లో జరుగుతుంది. మంచి సొరుగులో పక్క చెక్కలను ముందు విడివిడిగా గూట్లో జరిపి చూసి ఎత్తు సరిచేస్తారు. ఆ తర్వాతే ముఖంతో డవ్‌టైల్ కోసి కలుపుతారు. గూడు వెనక వైపు ముందు కంటే అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు వెడల్పు ఉండాలి, లేకపోతే లోపలికి వెళ్లేకొద్దీ బిగుస్తుంది. అడుగు పలక చెక్కతో చేస్తే చెక్క పొడవు ఒక పక్క నుంచి ఇంకో పక్కకు ఉండేలా వేయాలి. అప్పుడు అది ఉబ్బినా వెనక్కే పెరుగుతుంది, పక్క చెక్కలను తన్నదు. వెనక అంచున దాన్ని పట్టే మరకు గుండ్రటి రంధ్రం కాకుండా పొడవాటి కంత పెట్టాలి. అరిగే చోట్ల కొవ్వొత్తి మైనం రుద్దితే చాలు, నూనె వద్దు. నూనెకు దుమ్ము అంటుకుంటుంది.

వెడల్పు ఎక్కువ, లోతు తక్కువ ఉన్న సొరుగు ఒక పక్క లాగితే అడ్డం తిరిగి ఇరుక్కుంటుంది. ఇరుకుగా లోతుగా ఉన్నది సాఫీగా జరుగుతుంది. మంచం కింద మీటరు వెడల్పు సొరుగు కావాలని అడిగేవారికి వడ్రంగి మధ్యలో గైడు పట్టీ వేస్తానంటే ఒప్పుకోవాలి, లేదా రెండు సొరుగులు చేయించుకోవాలి.

పై సందు మాటకొస్తే బిగించే నెల చూడాలి. 150 మిల్లీమీటర్ల ఎత్తు ముఖం ఆరు శాతం తేమ మార్పుకు 1.7 మిల్లీమీటర్లు పెరుగుతుంది. ఏప్రిల్‌లో బిగిస్తే పైన రెండు మిల్లీమీటర్లు వదలాలి. ఆగస్టులో అయితే అర మిల్లీమీటరు చాలు, ఎండాకాలానికి అదే రెండుకు చేరుతుంది. చెక్కకు పాలిష్ ఉంటే కదలిక నెమ్మదిస్తుంది కనుక నిజంగా జరిగేది ఈ లెక్క కంటే కొంత తక్కువే. అయినా లెక్క పెద్దగా ఉంటేనే మంచిది.

ప్లైవుడ్‌తో ఈ బాధంతా లేదు కదా అనే వాదన సరైనదే, ఒక హద్దు వరకు. ప్లైవుడ్‌లో పొరలు ఒకదానికొకటి అడ్డంగా అతికి ఉంటాయి కాబట్టి అది దాదాపు కదలదు. 35 మిల్లీమీటర్ల గుంటలో కూర్చునే దాపు బందుల్లో ఇన్‌సెట్‌కు వేరే రకం ఉంది. మామూలు దానికంటే దాని మెడ ఎక్కువ వంగి ఉంటుంది, మరలు తిప్పి తలుపును మూడు వైపులకూ సర్దుకోవచ్చు. సొరుగులకు టెలిస్కోపిక్ ఛానళ్లు ఉన్నాయి, ఒక్కో పక్క సుమారు 13 మిల్లీమీటర్ల చోటు తింటాయి. వంటింటికి ఇవి మంచి ఎంపిక. కానీ టేకు ముఖాన్ని ఛానల్ మీద బిగించినా ఆ ముఖం ఉబ్బక మానదు. సందు లెక్క నుంచి ఛానల్ తప్పించదు.

ఇప్పటి టేకు కూడా పాత టేకు కాదు. మయన్మార్ 2014 ఏప్రిల్ 1 నుంచి దుంగల ఎగుమతిని నిషేధించింది. ఆఫ్రికా, లాటిన్ అమెరికా తోటల టేకు ఇప్పుడు మార్కెట్‌లో ఎక్కువ. తక్కువ వయసులోనే నరికే ఆ తోటల చెట్లలో చేవ తక్కువ, తెల్ల చెక్క ఎక్కువ. సరిగ్గా ఎండబెట్టకుండా డిపోకు చేరిన చెక్క ఇంట్లో బిగించాక ఎండుతుంది, అప్పుడు సందులు తెరుచుకుంటాయి. పాత దర్వాజల చెక్క దొరికితే తలుపు పట్టీలకు అంతకంటే మంచిది లేదు. దశాబ్దాలపాటు ఈ గాలిలోనే ఆరిన చెక్క అది.

అమెరికాలో స్థిరపడ్డ తెలుగువారు ఇక్కడ చేయించుకుని తీసుకెళ్లే పూజా మందిరాలకు ఇదే కష్టం ఇంకో రూపంలో వస్తుంది. చలికాలంలో హీటర్లు నడిచే షికాగో ఇళ్లలో గాలి మన ఏప్రిల్ కంటే పొడిగా ఉంటుంది. అక్కడికి వెళ్లే పనికి పలకలు గాడిలో వదులుగా ఉండడం తప్పనిసరి.

ఈ పని నేర్చుకోవాలనుకునేవారికి ఐటీఐలలో కార్పెంటర్ ట్రేడు ఏడాది కోర్సుగా ఉంది. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో వడ్రంగం సహా 18 వృత్తులున్నాయి. పనిముట్లకు 15,000 రూపాయల సాయం ఉంది. ఆ డబ్బుతో కొనే పనిముట్లలో చెక్క తేమ కొలిచే మీటరు ఒకటి ఉండాలి. అది లేనిచోట పాత దారి ఒకటుంది. చిన్న ముక్క కోసి తూచి, 103 డిగ్రీల దగ్గర బరువు తగ్గడం ఆగే దాకా ఎండబెట్టి మళ్లీ తూచాలి. తగ్గిన బరువును ఎండిన బరువుతో భాగించి వందతో గుణిస్తే తేమ శాతం వస్తుంది.

ఇన్‌సెట్ మన వాతావరణానికి పనికిరాదనే మాట తప్పు. ఎండిన చేవ చెక్క, వలయాలకు అడ్డంగా కోసిన సన్నటి పట్టీలు, వదులు పలక, నెలను బట్టి సందు ఉంటే గౌడవెల్లిలోనూ అది తరాలు నిలుస్తుంది. పనికిరానిది అతికించిన వెడల్పు పలకతో చేసే ఇన్‌సెట్ తలుపు. దాన్ని ఎంత తక్కువకు చేసిస్తామన్నా ఒప్పుకోవద్దు.

మేడ్చల్, శామీర్‌పేట వైపు ఇల్లు కట్టుకుని చెక్క పని చేయిస్తున్నవారు వడ్రంగిని మూడు విషయాలు అడగండి. చెక్క తేమ ఎంత ఉంది, తలుపు పట్టీ ఎటు కోసింది, ఈ నెలలో ఎంత సందు వదులుతున్నారు. కొన్న చెక్కను రెండు మూడు వారాలు అదే ఇంట్లో పట్టీల మీద పేర్చి ఉంచనివ్వండి. మొదటి వానాకాలంలో ఆయన మళ్లీ వచ్చి ఒక రోజు రందా పట్టడం పనిలో భాగమే. ఆ రోజు కూలిని మొదటి లెక్కలోనే రాసి పెట్టండి, ఆగస్టులో ఆయన్ని పిలవండి.